సమ్మె చేస్తే ఉద్యోగం పోతుందా.. జైల్లో పెడతారా? ఎస్మా నుంచి జీతం కోత దాకా.. చట్టం చెప్పేదేంటి, జరిగేదేంటి?

ఫలానా ఉద్యోగులు సమ్మె నోటీసు ఇచ్చారని బ్రేకింగ్ వచ్చిన గంటకే ఇంకో లైన్ స్క్రోలింగ్‌లో పరుగెడుతుంది.. 'ఎస్మా ప్రయోగించే యోచనలో సర్కార్'. ఆర్టీసీ అయినా, అంగన్‌వాడీ అయినా, కరెంటు ఉద్యోగులైనా ఇదే వరస. ఇంతకీ ఎస్మా అంటే ఏంటి? సమ్మెలో ఉన్నందుకు నిజంగానే జైలుకు పంపుతారా? ఉద్యోగం ఊడిపోతుందా? ఎన్ని రోజుల జీతం పోతుంది? చట్టంలో రాసిన శిక్షలు ఒకలా ఉంటే, సమ్మె చేసినవాళ్ల మీద నిజంగా పడిన దెబ్బ ఇంకోలా ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనే ఇందుకు పెద్ద ఉదాహరణలు ఉన్నాయి.

ఎస్మా అంటే..

అత్యవసర సేవల నిర్వహణ చట్టం. ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఎస్మా. 1968లో కేంద్రం ఈ పేరుతో చట్టం తెచ్చింది. 1981లో మరింత గట్టిగా ఇంకోటి తెచ్చింది కానీ, అది తాత్కాలిక చట్టం. 1990లో గడువు తీరిపోయింది. చాలా రాష్ట్రాలకు సొంత ఎస్మాలు ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో చేసిన చట్టమే ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వినిపించే ఎస్మా.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎస్మా ఎప్పుడూ అమల్లో ఉండే నిషేధం కాదు. ఫలానా సర్వీసులో ఫలానా కాలం పాటు సమ్మె నిషేధిస్తున్నామని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. సాధారణంగా అది ఆరు నెలలకు ఇస్తారు. కావాలంటే పొడిగిస్తారు. ఆ జీవో వచ్చాకే సమ్మె నేరమవుతుంది. 'ఎస్మా పెడతాం' అని మంత్రి మైకు ముందు అన్నంత మాత్రాన ఎవరూ నేరస్తులు కారు.

కానీ జీవో వచ్చిందంటే దాని పరిధి చిన్నది కాదు. 1968 కేంద్ర చట్టం నిర్వచనంలో సమ్మె అంటే పని బంద్ పెట్టి టెంట్ వేసుకోవడం ఒక్కటే కాదు. ఆ సర్వీసు నడవడానికి అవసరమైన ఓవర్‌టైమ్ చేయనన్నా సమ్మె కిందికే వస్తుంది. వారంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు వస్తుంది. సమ్మెలో పాల్గొంటే 6 నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సమ్మెకు ఉసిగొల్పినా, డబ్బు సాయం చేసినా ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే సమ్మె చేసినవాడి కంటే చేయించినవాడి మీదే చట్టానికి కోపం ఎక్కువ. ఈ తరహా చట్టాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి.

2021లో కేంద్రం ఇంకాస్త ముందుకెళ్లింది. దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలను 7 కంపెనీలుగా మార్చే సమయంలో, మన మెదక్ ఫ్యాక్టరీ సహా అన్నిచోట్లా కార్మిక సంఘాలు సమ్మెకు సిద్ధమయ్యాయి. వెంటనే ఆర్డినెన్స్ వచ్చింది. ఆ తర్వాత అదే అత్యవసర రక్షణ సేవల చట్టం అయింది. పాల్గొంటే ఏడాది జైలు, 10 వేల జరిమానా దాకా. ఉసిగొల్పితే రెండేళ్లు, 15 వేల దాకా. మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెట్టినా సమ్మే అన్నారు. ఆ చట్టానికి ఆయుష్షు మాత్రం ఒక్క ఏడాదే.

అసలు సమ్మె హక్కు ఉందా?

సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణలో ఉంది. సంఘం ఉందంటే సమ్మె కూడా హక్కే కదా అని బ్యాంకు ఉద్యోగులు వాదిస్తే, 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కే, సమ్మె కాదు అని తేల్చింది. మరుసటి ఏడాది బీహార్ ఉద్యోగుల కేసులో కాస్త ఊరట దక్కింది. ఉద్యోగులు శాంతియుతంగా ప్రదర్శన చేయడాన్ని మొత్తంగా నిషేధించడం చెల్లదన్నారు. అందుకే ఉద్యోగులు ముందు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటారు, లంచ్ అవర్‌లో నిరసన తెలుపుతారు, ధర్నా చేస్తారు. పని ఆపడం మాత్రం చివరి అంకం.

ఇక్కడ ఉద్యోగులు రెండు రకాలు. ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా గందరగోళమే. సచివాలయం, రెవెన్యూ, టీచర్లు.. వీళ్లు నేరుగా ప్రభుత్వ ఉద్యోగులు. వీళ్లకు ప్రవర్తనా నియమావళి ఉంటుంది. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి నిబంధనల్లో 7వ రూలు సమ్మెను నేరుగా నిషేధిస్తోంది. రాష్ట్రాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. ఎస్మా జీవో లేకపోయినా, సమ్మె చేస్తే అది క్రమశిక్షణ ఉల్లంఘనే. జైలు ఉండదు కానీ శాఖాపరమైన చర్య ఉంటుంది.

రెండో రకం.. ఆర్టీసీ లాంటి కార్పొరేషన్లు, సింగరేణి, స్టీల్ ప్లాంట్, బ్యాంకుల కార్మికులు. వీళ్లకు కార్మిక చట్టాలు వర్తిస్తాయి. ఆ చట్టాల్లో సమ్మె మీద నిషేధం లేదు, షరతులే ఉన్నాయి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రజా ప్రయోజన సేవల్లో ఉన్నవాళ్లు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక 14 రోజులు ఆగాలి. లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తుండగా, అవి ముగిసిన 7 రోజుల లోపు సమ్మెకు దిగకూడదు. తప్పితే అక్రమ సమ్మె. దానికి శిక్ష నెల వరకు జైలు, లేదా అక్షరాలా 50 రూపాయల వరకు జరిమానా. 1947లో రాసిన అంకె దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది.

50 రూపాయల జరిమానాకు ఎవరూ భయపడరు. మరి సమ్మె అంటే ఇళ్లలో ఎందుకంత భయం? జీతం, ఉద్యోగం.. ఈ రెండే కారణం.

జీతం ఎంత పోతుంది?

'నో వర్క్ నో పే' అన్న మాట అందరికీ తెలిసిందే. పని చేయని రోజుకు జీతం లేదు. అయితే ఇది అంత తేలిక లెక్క కాదు. బ్యాంక్ ఆఫ్ ఇండియా ఉద్యోగులు 1977 డిసెంబర్ 29న నాలుగు గంటలు సమ్మె చేసి, తర్వాత పనిలోకి వచ్చారు. మేనేజ్‌మెంట్ రోజంతా జీతం కోసేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1990లో కోర్టు మేనేజ్‌మెంట్ వైపే నిలిచింది. నాలుగు గంటల సమ్మెకు రోజు జీతం పోవడం తప్పు కాదంది.

ఇంకో నిబంధన ఇంతకంటే కఠినం. చాలామంది కార్మికులకు ఇది తెలియదు కూడా. 1936 వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నిబంధన కొత్త వేతనాల కోడ్‌లోకీ వచ్చింది. పది మంది, అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే 8 రోజుల జీతం దాకా కోయొచ్చు. ఒక్క రోజు మెరుపు సమ్మె చేసినా సరే! బదులుగా ఇవ్వాల్సిన నోటీసు గురించి ఉద్యోగ ఒప్పందంలో రాసి ఉంటేనే ఇది వర్తిస్తుంది. అందుకే అనుభవం ఉన్న యూనియన్ నాయకులు నోటీసు కాగితం మీద తేదీ, రిసీవ్డ్ స్టాంపు పడేదాకా కార్మికులను గేటు దగ్గర ఆపనివ్వరు.

సమ్మె చట్టబద్ధమైతే జీతం వస్తుందా? 1994లో సిండికేట్ బ్యాంక్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దీనికి జవాబు ఇచ్చింది. సమ్మె చట్టబద్ధంగానూ ఉండాలి, న్యాయమైన కారణంతోనూ ఉండాలి. రెండూ ఉంటేనే సమ్మె కాలానికి జీతం అడగొచ్చు. ఒక్కటి ఉంటే చాలదు.

ప్రభుత్వ ఉద్యోగులకు ఇంకో బాధ ఉంది. సమ్మె రోజులను 'డైస్ నాన్' అంటే లెక్కలోకి రాని రోజులుగా ప్రకటిస్తే జీతం పోవడమే కాదు, ఆ రోజులు సర్వీసులోనూ కలవవు. సర్వీసుకే బ్రేక్ వేస్తే అది పెన్షన్ దాకా వెంటాడుతుంది.

2011లో సకల జనుల సమ్మె రోజుల్లో తెలంగాణ ఉద్యోగుల నోట నానిన నంబర్ 177. 'నో వర్క్ నో పే' అమలు చేయమన్న జీవో అది. సెప్టెంబర్ 13న మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. జీతాలు ఆగాయి, దసరా పండగ అప్పులతో గడిచింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఆ 42 రోజులను స్పెషల్ క్యాజువల్ లీవుగా మార్చారు. అంటే ఒక ప్రభుత్వం వేసిన శిక్షను ఇంకో ప్రభుత్వం తుడిచేసింది. అందరు సమ్మెకారులకూ ఇంతటి అదృష్టం ఉండదు.

ఉద్యోగం నుంచి తీసేయొచ్చా?

తీసేశారు. అదీ ఒకటీ రెండూ కాదు, లక్షల్లో. 2003 జులై 2న తమిళనాడులో ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు సమ్మెకు దిగారు. రెండు రోజులకే జయలలిత ప్రభుత్వం రాష్ట్ర ఎస్మాను ఆర్డినెన్స్‌తో సవరించింది. విచారణ లేకుండానే దాదాపు 2 లక్షల మందిని డిస్మిస్ చేసింది. ఆగస్టు 6న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం.బి.షా, జస్టిస్ ఎ.ఆర్.లక్ష్మణన్ ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ప్రతి సమ్మె కేసులోనూ వినిపిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు ప్రాథమికంగా లేదు, చట్టపరంగా లేదు, నైతికంగానూ లేదు అన్నది దాని సారాంశం.

ఆ తీర్పులో తక్కువగా గుర్తుండే రెండో సగం కూడా ఉంది. ఇంతమందిని బయటికి పంపడం సరికాదని కోర్టు సూచించడంతో ప్రభుత్వం దిగివచ్చింది. బేషరతుగా క్షమాపణ రాసిచ్చి, ఇకపై రూల్స్ పాటిస్తామని హామీ పత్రం ఇచ్చినవాళ్లలో అత్యధికులు మళ్లీ ఉద్యోగాల్లోకి వచ్చారు. అరెస్టయినవాళ్లు, కేసులున్నవాళ్లు మాత్రం బయటే ఉండి ఇంకా పోరాడాల్సి వచ్చింది.

మామూలుగా అయితే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయాలంటే 311వ అధికరణ అడ్డుపడుతుంది. అభియోగం చెప్పాలి, విచారణ జరపాలి, వాదన వినాలి. విచారణ ఆచరణలో సాధ్యం కాని పరిస్థితి ఉంటే మాత్రం, ఆ కారణం రాసి, నేరుగా తీసేయొచ్చని అదే అధికరణలో మినహాయింపు ఉంది. 1981లో సమ్మె చేసిన రైల్వే లోకో సిబ్బందిని తీసేసింది ఇదే తరహా రూలుతో. 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఆర్టీసీ 52 రోజులు.. 'సెల్ఫ్ డిస్మిస్' అంటే?

311వ అధికరణ రక్షణ కార్పొరేషన్ కార్మికులకు ఉండదు. 2019 ఆర్టీసీ సమ్మెలో ఇది తేలిపోయింది. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయడం సహా 26 డిమాండ్లతో అక్టోబర్ 5న దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. దసరా ప్రయాణాల రోజులవి. ఆ రోజు సాయంత్రం 6 గంటల్లోగా రానివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టేనని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాట అప్పుడే పుట్టింది.

చట్టంలో అలాంటి మాట లేదు. పనికి రాకపోతే ఉద్యోగం ఆటోమేటిక్‌గా పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో రాసుకున్నా, కార్మికుడి వాదన వినకుండా తీసేయకూడదని 1993లోనే డి.కె.యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 48 వేల మందిలో ఎవరికీ విడిగా విచారణ జరగలేదు. కాబట్టి కాగితం మీద వాళ్ల ఉద్యోగాలు పోలేదు. కానీ డిపో గేటు మూసుకుంది. సమ్మెకు ముందు పనిచేసిన సెప్టెంబర్ నెల జీతం కూడా ఆగిపోయింది. పిల్లల ఫీజులు, ఈఎంఐలు, ఇంటి అద్దె.. ఇవేవీ ఆగలేదు. ఆత్మహత్యలు, గుండెపోట్ల వార్తలు డిపోల నుంచి ఒకటి వెనక ఒకటి వచ్చాయి. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం తీసుకున్నారు. ఏ శిక్షా స్మృతిలోనూ రాయని శిక్ష ఇది.

సమ్మె అక్రమమని ప్రకటించాలంటూ హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్.చౌహాన్ ధర్మాసనం ఒక దశలో ముగ్గురు సుప్రీంకోర్టు మాజీ జడ్జిలతో కమిటీ వేద్దామంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి నవంబర్ 18న కోర్టు బంతిని లేబర్ కమిషనర్ దగ్గరికి పంపింది. సమ్మె చట్టబద్ధమా కాదా అన్నది తేల్చాల్సింది కార్మిక న్యాయస్థానమే, ఆ వివాదాన్ని అక్కడికి పంపాలో లేదో రెండు వారాల్లో నిర్ణయించండి అంది. అంటే అప్పటికి నెలన్నర దాటింది.. సమ్మె అక్రమమని ఏ కోర్టూ తేల్చలేదు, కార్మికులు మాత్రం శిక్ష అనుభవిస్తూనే ఉన్నారు.

నవంబర్ 25న జేఏసీ ఏ హామీ లేకుండానే సమ్మె విరమించింది. మరునాడు డ్యూటీకి వచ్చినవాళ్లను డిపోల దగ్గర పోలీసులు వెనక్కి పంపారు. 28న ముఖ్యమంత్రి రమ్మన్నాక, 29న బస్సెక్కారు. ఆ తర్వాత కథ ఒక్కసారిగా మారింది. డిసెంబర్ 1న ప్రగతి భవన్‌లో కార్మికులతో కలిసి భోజనం చేసిన కేసీఆర్, సమ్మె కాలానికి కూడా జీతం ఇస్తామన్నారు. రిటైర్మెంట్ వయసు 60కి పెంచారు. యూనియన్ల స్థానంలో మాత్రం డిపోల్లో సంక్షేమ మండళ్లు వచ్చాయి. 2023 ఆగస్టులో ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకునే బిల్లును అసెంబ్లీ ఆమోదించింది. ఏ డిమాండ్ అసాధ్యమని 52 రోజులు గేట్లు మూశారో అదే డిమాండ్! పక్క రాష్ట్రంలో అయితే 2020 జనవరి 1నే ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

గౌరవ వేతనానికి ఎస్మా

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబర్ 12న సమ్మె మొదలుపెట్టారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. 2024 జనవరి 6న ప్రభుత్వం జీవో నంబర్ 2 ఇచ్చింది. అంగన్‌వాడీ సేవలు అత్యవసర సేవలు, ఆరు నెలల పాటు సమ్మె నిషేధం అన్నది దాని సారాంశం.

ఇందులో ఒక మెలిక ఉంది. అంగన్‌వాడీ పోస్టులు సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాళ్లకు 311వ అధికరణ రక్షణ లేదు. తీసుకునేది జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీ చట్టం వాళ్లకూ వర్తిస్తుందని 2022లో మళ్లీ సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. హక్కుల దగ్గర ప్రభుత్వ ఉద్యోగి కాదు, శిక్ష దగ్గర మాత్రం అత్యవసర ఉద్యోగి! ఎస్మా జీవోను సమ్మె శిబిరాల్లోనే తగలబెట్టి మరీ ఆ మహిళలు కూర్చున్నారంటే ఆ కోపం ఊరికే రాలేదు. నోటీసులు, తొలగింపు ఉత్తర్వులు, కొత్తవాళ్లను పెట్టుకుంటామన్న ప్రకటనల తర్వాత, మంత్రులతో చర్చలు ఫలించి 42 రోజులకు సమ్మె ముగిసింది.

మరి జైలుకు వెళ్లిందెవరు?

ఇంత రాసి ఉన్నా శిక్ష పడి జైలుకు వెళ్లినవాళ్లు అరుదు. కారణం చట్టంలోనే ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద అక్రమ సమ్మె కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వమో, దాని అనుమతితో ఇంకొకరో ఫిర్యాదు చేయాలి. సమ్మె ముగిసేది చర్చలతో. చర్చల్లో సంఘాలు పెట్టే మొదటి షరతు 'కేసులు ఎత్తేయాలి'. అక్కడితో ఆ ఫైలు మూసుకుంటుంది. అరెస్టుల సంగతి వేరు. 1974 మే నెలలో జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దాదాపు 17 లక్షల మంది రైల్వే కార్మికులు 20 రోజులు సమ్మె చేసినప్పుడు వేలాది మందిని జైళ్లలో పెట్టారు. క్వార్టర్ల నుంచి కుటుంబాలను గెంటేశారు. ఉద్యోగాలు పోయినవాళ్లు తిరిగి చేరింది 1977లో ప్రభుత్వం మారాకే.

ఇప్పుడు మారిందేంటి?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ సమ్మె రూల్స్‌ను తిరగరాసింది. ఇదివరకు నోటీసు షరతు ప్రజా ప్రయోజన సేవలకే ఉండేది. ఇప్పుడు పరిశ్రమ ఏదైనా నోటీసు తప్పనిసరి. 'సమ్మెకు 60 రోజుల ముందే నోటీసు ఇవ్వాలట' అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట సరైంది కాదు. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి. 60 రోజులన్నది ఆ నోటీసు పనికొచ్చే గడువు. ఆ లోపు సమ్మెకు దిగకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇచ్చుకోవాలి.

50 రూపాయల జరిమానా రోజులు పోయాయి. అక్రమ సమ్మె చేసిన కార్మికుడికి 1,000 నుంచి 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ. ఉసిగొల్పినవాళ్లకు 10 వేల నుంచి 50 వేల దాకా, లేదా నెల జైలు, లేదా రెండూ. సగం మంది, అంతకు మించి ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే దాన్నీ సమ్మెగానే చూస్తారు. రాజీ చర్చలు నడుస్తున్నా, ఆ తర్వాత 7 రోజుల్లోపు అయినా సమ్మె చేయకూడదు. ట్రైబ్యునల్‌లో కేసు ఉంటే అది నడిచినంత కాలం, ముగిశాక 60 రోజుల వరకు సమ్మె కుదరదు. ఇదివరకు ఈ గడువు రెండు నెలలే.. అది ఇప్పటికీ అంతే. కాకపోతే వివాదం ఒక్కసారి ట్రైబ్యునల్ గడప ఎక్కిందంటే, ఎంత పక్కాగా నోటీసు ఇచ్చినా ఆ సమ్మె అక్రమమే అవుతుంది. కోడ్‌లోని ఈ నిబంధన మీదే కార్మిక సంఘాలు ఎక్కువగా అభ్యంతరం చెబుతున్నాయి.